రెండు సీసాల కంది కోసం సిడ్నీ దాకా

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చినవాళ్ళు కంగారూల గురించి చెబుతారు. నేను చూసింది ఒకే ఒక్క కంగారూని. అదీ ఏదో బండి గుద్దేసి పోతే రోడ్డు పక్కన పడి ఉన్నదాన్ని. వంతెనా సముద్రమూ చూడాలంటే ఎవరి ఫోన్లోనైనా దొరుకుతాయి, దానికి నేను రాయడం ఎందుకు? నేను వెళ్ళింది రెండు గాజు సీసాల కోసం. ఆ కథ చెప్పకుండా ఈ ప్రయాణం గురించి ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది, అబద్ధాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

ముప్ఫై ఏళ్ళ కిందట నేను హైదరాబాదులో పరిశోధన చేసేదాన్ని. కనిగిరి వైపు కోటమ్మ అనే రైతు చేలో కందికి ఎండు తెగులు రాదని విని బస్సెక్కి వెళ్ళాను. చుట్టుపక్కల చేలన్నీ మాడిపోయి ఉంటే ఆమె చేను పచ్చగా ఉంది. "మా అత్త కాలం నించీ ఇదే గింజ" అని ఒక దోసెడు కొంగులో పోసింది. ఆ గింజలు మొలకెత్తించి, ఆ మొలకల డీఎన్ఏ తీసి, దాన్ని ఫేజ్‌లలోకి ఎక్కించాను.

ఫేజ్ అంటే బాక్టీరియాకు పట్టే వైరస్. దాని డీఎన్ఏలో నడుమ భాగం తీసేసినా దానికి లోటేమీ ఉండదు. ఆ ఖాళీలో వేరే జీవి డీఎన్ఏ ముక్క అతికిస్తే, అది బాక్టీరియాలో దూరి తనకు నకళ్ళు తీసుకుంటూ మన ముక్కకూ నకళ్ళు తీసిపెడుతుంది. కందిమొక్క డీఎన్ఏ మొత్తాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ ఒక్కో ఫేజ్‌కి ఎక్కించి, అన్నిటినీ ఒక సీసాలో పోస్తే దాన్ని లైబ్రరీ అంటాం. పైన రెండు చుక్కల క్లోరోఫాం వేసి చల్లగా ఉంచితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. వినడానికి ఇంతే. చెయ్యడానికి నాకు మూడేళ్ళు పట్టింది, రెండు వేసవులు ఐసులో చేతులు పెట్టి వేళ్ళు మొద్దుబారిపోయాయి.

ఇంకొక్కటి చెప్పాలి, అసలు విషయం అదే. మేము వాడిన ఫేజ్‌కి కావాలనే ఒక అవిటితనం పెట్టి ఉంటుంది. ల్యాబు దాటి బయటపడితే ఎక్కడా పెరగకూడదని ఆ జాగ్రత్త. మామూలు బాక్టీరియాలో అది పెరగదు, దానికి తగిన ప్రత్యేకమైన బాక్టీరియా ఒకటి ఉంటుంది, దాన్నే ఆతిథేయి అంటాం. ఆ ఆతిథేయి పేరు సీసా మీద రాయకూడదని మా గైడు గారి శాసనం. ఎవరైనా సీసా కొట్టేసి వాడుకుంటారని ఆయన భయం. సీసా మీద రెండు అక్షరాలు, పేరు మాత్రం నోటుబుక్కులో. నోటుబుక్కు నా దగ్గర.

మొత్తం నాలుగు సీసాలు. నా తరవాత రెండేళ్ళకు చేరిన శ్రీధర్ ఆస్ట్రేలియా వెళ్ళేటప్పుడు గైడు గారు రెండు సీసాలు, కాస్త ఆతిథేయి అతని చేతికిచ్చి పంపారు, ఆతిథేయి మీదా ఆ రెండు అక్షరాలే, పేరు లేదు. అవసరమైన కాగితాలన్నీ పెట్టుకునే తీసుకెళ్ళాడు. ఇక్కడి రెండూ కోల్డ్ రూం మరమ్మత్తులప్పుడు ఎవరో చెత్తలో వేశారు. కోటమ్మ పోయింది, ఆమె చేలో ఇప్పుడు జామాయిల్ తోట ఉంది, ఆ గింజ నేను వెతకని ఊరు లేదు. కాబట్టి ఆ కంది ఈ భూమ్మీద మిగిలింది శ్రీధర్ దగ్గరున్న రెండు సీసాల్లోనే.

శ్రీధర్ ఆ సీసాల్లోంచి ఎండు తెగులును ఆపే జన్యువును బయటికి లాగాడు. ఆ పని అయ్యాక అతని దగ్గరున్న ఆతిథేయి చచ్చిపోయిందట. పేపరు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ప్రొఫెసరయ్యాడు. పేపరు చివర, సన్న అక్షరాల్లో, సీసాలు ఇచ్చినందుకు నాకు కృతజ్ఞతలు ఉన్నాయి. నేను ఒంగోలు దగ్గర డిగ్రీ కాలేజీలో ఇరవయ్యారేళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను.

మొన్న మొన్నటి వరకూ ఏడాదికోసారి పండగ శుభాకాంక్షలు తప్ప మా మధ్య మాటల్లేవు. ఒకరోజు అతని మెయిలు వచ్చింది. "అక్కా, మా ల్యాబు కొత్త బిల్డింగుకి మారుతోంది. పాతవన్నీ తీసేస్తున్నాం. మన కంది లైబ్రరీ ఇంకా ఉంది. నువ్వొచ్చి నీ చేత్తో ఒకసారి ప్లేట్ చేస్తే బాగుంటుంది. బతికి ఉంటే మొత్తం సీక్వెన్స్ చేయించేద్దాం. గుర్తుపెట్టుకోవాల్సినవి ఏమైనా ఉంటే ముందే రాయి."

ప్లేట్ చెయ్యడమంటే ఫేజ్‌ని ఆతిథేయితో కలిపి పళ్ళెంలో పరిచి బతికుందో లేదో చూడటం, సీక్వెన్స్ అంటే డీఎన్ఏ మొత్తం చదివించి రాసిపెట్టుకోవడం. నేను ఆతిథేయి పేరు రాయలేదు. మరిచిపోయి కాదు. "వచ్చాక చెబుతాను, అప్పటిదాకా ముట్టుకోకండి" అని రాశాను. వాళ్ళందరి ముందూ నిలబడి ఆ పేరు నా నోటితో చెప్పాలని, నేను లేనిదే ఆ సీసా పలకదని వాళ్ళకు తెలియాలని నాకు కోరిక పుట్టింది. ఈ వయసులో ఇదేం బుద్ధి అనుకుంటే అనుకోండి.

ట్రుగనీనా

సిడ్నీకి ముందు మెల్‌బోర్న్‌లో దిగాను. మా పిన్ని కూతురు వసంత అక్కడ పడమటి శివారు ట్రుగనీనాలో ఉంటుంది. ఎయిర్‌పోర్టులోనే మొదటి దెబ్బ తగిలింది. వసంత అడిగిందని గోంగూర విత్తనాలు తెచ్చాను, ఫారంలో నిజమే రాశాను. ఆ ఆఫీసరు పొట్లం విప్పి, వాసన చూసి, చాలా మర్యాదగా నవ్వి, చెత్తబుట్టలో వేశాడు. నిజం రాసినందుకు జరిమానా లేదట, అందుకు అభినందించాడు కూడా. పచ్చడి సీసా మాత్రం వదిలేశాడు.

ట్రుగనీనాలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒకవైపు కొత్త ఇళ్ళు, ఇంకోవైపు విమానాలు పెట్టేంత గోదాములు. మొదటిరోజు సాయంత్రం నడకకి వెళ్ళి తిరిగొచ్చి, వేరే వాళ్ళ తలుపు కొట్టాను. తలుపు తీసినావిడ గుజరాతీ. నా చీర చూసి, ఏమీ అడక్కుండానే, "తెలుగువాళ్ళిల్లా? నాలుగో ఇల్లు" అని ఇంగ్లీషులో చెప్పి వేలు చూపించింది. అలవాటేననుకుంటాను.

వసంత కరివేపాకు మొక్కను కుండీలో పెంచుతుంది. చలికాలం దాన్ని గ్యారేజీలో పెట్టి పాత దుప్పటి కప్పుతుందట. నేను నవ్వితే కోపం వచ్చింది. "నవ్వకక్కా, షాపులో చారెడు ఆకు నాలుగు డాలర్లు. మునక్కాడలైతే అడగొద్దు, ఫ్రోజెనే గతి" అంది. మా ఇంటి వెనక మునగచెట్టు కాయలు కోసేవాళ్ళు లేక ఎండిపోతాయని చెబితే నొచ్చుకుంటుందని ఊరుకున్నాను. దాని వంట మాత్రం అమృతం. పప్పు ఉడికిందో లేదో మెతుకంత నలిపి చూసే అలవాటు మా పిన్నిదే దిగింది.

అయిదు రోజులున్నాను. ఆదివారం దాకా ఉండి సత్యనారాయణ వ్రతం చూసుకుని వెళ్ళమని వసంత పట్టుబట్టింది. నేను శనివారమే బయల్దేరతానన్నాను.

"రిటైరై మూడేళ్ళైంది, ఇంకా ఆ సీసాల గోలేంటక్కా నీకు? శ్రీధర్ గారికి ఫోన్‌లో చెప్పేస్తే ఆయన స్టూడెంట్స్ చేసేస్తారుగా. నువ్వు హ్యాపీగా ఇక్కడ రెస్ట్ తీసుకో. సండే ఆర్వో బార్బీ కూడా ఉంది, వ్రతం అయ్యాక."

"వ్రతం అయ్యాక బార్బీనా?"

"వెజ్ బార్బీ అక్కా! పనీరూ, మొక్కజొన్న."

ఆర్వో అంటే అక్కడివాళ్ళ మాటలో మధ్యాహ్నమట, బార్బీ అంటే ఆరుబయట నిప్పుల మీద కాల్చుకుని తినడం. ముక్కున వేలేసుకున్నాను. సీసాల సంగతి మాత్రం వసంతకు చెప్పి ప్రయోజనం లేదనిపించింది.

పదకొండు గంటల రైలు

అందరూ విమానంలో వెళ్ళే దారిని నేను రైల్లో వెళ్ళాను. పొద్దున్నే ఎక్కితే రాత్రయ్యే వేళకు సిడ్నీ. దేశం కనపడుతుందని ఆశ. కనపడింది: ఎండిన గడ్డి, గొర్రెలు, మళ్ళీ గడ్డి. మనిషి కనపడటానికి గంట పట్టేది. మన రైల్లో అయితే ఈ పాటికి నలుగురు టిఫినుకి పిలిచి, ఇద్దరు పెళ్ళి సంబంధాలు అడిగేవాళ్ళు. ఇక్కడ పక్కసీటు ఆవిడ మొదటి రెండు గంటలు నన్ను చూసి నవ్వడం తప్ప మాట్లాడలేదు. నా మర్యాద కోసమే ఆ మౌనం అని తరవాత తెలిసింది.

ఆమె పేరు మార్గరెట్. డెబ్భై దాటి ఉంటాయి, చేతులు మాత్రం పనిచేసినవాళ్ళ చేతులు. బఫే పెట్టెలో నేను 'పై' అనే, కూరగాయలు కూరిన కజ్జికాయలాంటిది ఒకటి కొన్నాను. ఏడు డాలర్లు, ఉప్పు లేదు, కారం అసలు లేదు. దానితో ఇచ్చిన టమాటా సాస్ పొట్లాన్ని రెండుగా మడిచి నొక్కాలట. నాకు తెలియక చివర కొరికి పిండాను. సగం నా చీర మీద, సగం మార్గరెట్ పుస్తకం మీద పడింది. అలా మాటలు మొదలయ్యాయి.

వాళ్ళది ఉత్తరాన శనగ పండించే పొలం. ఓడల్లో మన దేశానికే వస్తుందట.

"మీరు తింటారా?" అని అడిగాను.

"లేదు. మొగుడు బతికుండగా ఒకసారి ఉడికించి పెట్టాను, గొర్రెలకు పెట్టమన్నాడు" అని నవ్వింది.

నా సంచిలోంచి వసంత కట్టిచ్చిన శనగల గుగ్గిళ్ళు తీసి పెట్టాను. ఒక్కొక్క గింజా తీసి నమిలింది. ముప్ఫై ఏళ్ళు పండించాక రుచి తెలిసిందని, ఇంకాస్త పెట్టమని అడిగింది. ఆ ప్రయాణం మొత్తంలో నాకు నిజంగా సంతోషం కలిగింది అప్పుడొక్కసారే.

ఆ చనువుతో కంది కథంతా చెప్పాను. దాచినది కూడా చెప్పాను. మళ్ళీ కనపడని మనిషికి ఏదైనా చెప్పేస్తాం కదా. అంతా విని ఆమె నేరుగా అడిగింది.

"ఆ పేరు ఫోన్లో చెప్పేస్తే సరిపోయేదిగా?"

"చెప్పేస్తే ఇంక నాతో పనేముంటుంది?"

"ఓ" అంది. దిగేటప్పుడు నా చెయ్యి నొక్కి, "త్వరగా చెప్పెయ్యి, నీకే హాయిగా ఉంటుంది" అని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ముక్కూ మొహం తెలియని మనిషి నాకు చెప్పేదేమిటి అనుకున్నాను.

వెస్ట్‌మీడ్

స్టేషనుకి శ్రీధర్ వచ్చాడు. జుట్టు మొత్తం తెల్లబడింది, నడక మాత్రం అదే, ముందుకు పడబోతున్నట్టు. "అక్కా!" అని వంగి కాళ్ళకు దండం పెట్టాడు, ప్లాట్‌ఫాం మీద, అందరి ముందూ. కోపంగా ఉండాలని అంత దూరం నించి సిద్ధపడి వచ్చినదాన్ని, ఆ దండంతో సగం కోపం పోయింది. మిగతా సగం గట్టిగా పట్టుకున్నాను.

వాళ్ళ ఫ్లాటు వెస్ట్‌మీడ్‌లో, ఆస్పత్రుల మధ్య. అతని భార్య లావణ్య అక్కడ డాక్టరు. ఆ వీధిలో తెలుగు వినడానికి చెవి రిక్కించనక్కర్లేదు, లిఫ్టులో నిలబడితే చాలు. ఒకళ్ళు నైట్ డ్యూటీ గురించి, ఒకళ్ళు ఇడ్లీ పిండి పులవకపోవడం గురించి. ఇడ్లీ పిండిని ఓవెన్‌లో లైటు వేసి పెడితే పులుస్తుందని లిఫ్టులోనే ఒకావిడ ఇంకొకావిడకు చెబుతుంటే నేనూ నేర్చుకున్నాను, నాకు అవసరం లేకపోయినా.

ఆదివారం లావణ్య కందిపచ్చడి చేసింది. కందిపప్పు ఆఫ్రికా నించి వచ్చిందట. రుచిలో తప్పు లేదు, కానీ నేను తప్పు పట్టాలనే కూర్చున్నాను. భోజనమయ్యాక శ్రీధర్ గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఆ పేపర్ విషయం... నీ పేరు ఆథర్స్‌లో ఉండాల్సింది. అప్పుడు నేను కొత్త. బాస్ కాదన్నాడు. గట్టిగా అడగలేకపోయాను."

"ఇరవయ్యేళ్ళలో ఒక ఉత్తరం ముక్క రాయలేకపోయావా?"

"సిగ్గేసింది. ఇయర్స్ పెరిగేకొద్దీ ఇంకా కష్టమైపోయింది."

లావణ్య గిన్నెలు తీస్తూ, "ఇంకెంతసేపు బతిమాలించుకుంటావు వదినా, ఆయనకు రెండు రోజులుగా నిద్ర లేదు" అంది.

అప్పుడైనా మెత్తబడాల్సింది. శ్రీధర్ అడిగాడు కూడా: "రేపు ప్లేటింగ్‌కి ఏమేం కావాలో చెప్పు, రెడీ పెట్టిస్తాను." రేపు చెబుతానన్నాను. అప్పుడు చెప్పినా ఉపయోగం ఉండేది కాదని తరవాత తెలిసింది. కానీ ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు కాబట్టి, అది నన్ను మంచిదాన్ని చెయ్యదు.

నాలుగో అంతస్తు

సోమవారం రైల్లో ఇంకో ముప్పావుగంట వెళ్తే శ్రీధర్ ల్యాబు. ఏ సంస్థో చెప్పను, అక్కడివాళ్ళ తప్పేమీ లేదు. నాలుగో అంతస్తులో పెట్టెలు సర్దుతున్నారు, నడవంతా అట్టపెట్టెలే. శ్రీధర్ అందరినీ పిలిచాడు, ఏడెనిమిది మంది చేరారు. ఎవరో కేకు కూడా తెచ్చారు.

"ఈ ల్యాబ్ మొదలైంది ఈవిడ చేసిన లైబ్రరీతో" అని ఇంగ్లీషులో చెప్పాడు. "నేను దాన్ని మోసుకొచ్చానంతే. ఆ పని మొత్తం మా అక్కది. ఇన్నేళ్ళూ నేనది సరిగ్గా చెప్పలేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. ముప్ఫై ఏళ్ళుగా వినాలనుకున్న మాట అది. నా కళ్ళు నిండాయి. ఇక ఆ పేరు చెప్పేద్దాం, అనుకున్నదంతా జరిగిపోయింది, ఇంక దాచేదేముంది అనుకుని నోరు తెరవబోయాను.

అప్పుడు వెనకనించి ఒక అమ్మాయి ముందుకొచ్చింది. పేరు మేఘన, శ్రీధర్ దగ్గర పీహెచ్‌డీ రెండో ఏడు. కరీంనగర్ వాళ్ళ పిల్ల, పుట్టింది సిడ్నీలోనే. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. మొహం పాలిపోయి ఉంది.

"సర్, శుక్రవారం మీకు మెయిల్ పెట్టాను. చూడలేదా?" అంది.

శ్రీధర్ చూడలేదు.

జరిగిందేమిటంటే, నేను వచ్చేలోపు ఆ సీసాలు బతికున్నాయో లేదో చూసిపెట్టమని శ్రీధర్ ఆమెకు చెప్పాడు, అక్క ముందు పరువు పోకుండా. ముట్టుకోవద్దని నేను రాసింది అతను మరిచిపోయాడు. ఆ అమ్మాయి గురువారం ప్లేట్లు వేసింది. శుక్రవారం చూస్తే ఒక్క ఫేజ్ కూడా లేదు. కొత్త బిల్డింగుకి తీసుకెళ్ళే వాటి జాబితా శుక్రవారం సాయంత్రానికి ఇచ్చెయ్యాలి, చచ్చినవాటిని జాబితాలో ఎక్కించడానికి లేదు. రెండు సీసాలనూ ఆవిరిలో ఉడికించే యంత్రంలో పెట్టేసింది. ల్యాబుల్లో ప్రతి వారం చేసే పనే.

"ప్లేట్లు చూపిస్తావా అమ్మా?" అన్నాను.

తెచ్చింది. శుభ్రంగా వేసింది, నేను కాలేజీ పిల్లలకు నేర్పినట్టే. ప్లేటు నిండా బాక్టీరియా సన్నని పాలమీగడలా సమానంగా పరుచుకుని ఉంది. ఫేజ్ బతికుంటే ఆ మీగడలో చిన్న చిన్న చిల్లులు పడాలి. ఒక్క చిల్లు లేదు. ప్లేటు వెలుతురుకి ఎత్తి పట్టుకుని మళ్ళీ వెతికాను.

"ఏ బాక్టీరియా మీద వేశావు?"

ల్యాబులో అందరూ రోజూ వాడేదాని పేరు చెప్పింది. మా ఫేజ్ ఎంతకీ పెరగని బాక్టీరియా అది. సీసాలు చచ్చి ఉండవచ్చు, బతికి ఉండవచ్చు. ఆ ప్లేటుని బట్టి ఏదీ చెప్పలేం. ఇప్పుడు ఎప్పటికీ చెప్పలేం.

శ్రీధర్ తల పట్టుకున్నాడు. "కనీసం ఒక చుక్క ఉంచాల్సింది. చచ్చినా లోపల డీఎన్ఏ ఉండేది కదా. నాకే తోచలేదు, తనకి చెప్పలేదు."

మేఘన నా వైపు చూసింది. ఆ అమ్మాయికి ఇరవయ్యారేళ్ళుంటాయేమో. "ఆంటీ, నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగింది.

నాలుకమీదే ఉంది ఆ పేరు. చెబితే ఆ తరవాతి ప్రశ్న నాకే వస్తుంది: ముందే ఎందుకు చెప్పలేదు? ఇప్పుడే చప్పట్లు కొట్టిన మనుషులు. ఇప్పుడే అక్క అన్న నోరు.

"లేదమ్మా, నువ్వు బాగానే చేశావు. ముప్ఫై ఏళ్ళ సరుకు, చచ్చిపోయినట్టుంది" అన్నాను.

ఆమె కళ్ళలో ఊరట కనిపించింది. అందరూ నన్ను ఓదార్చారు. కేకు కోశారు, నేను తిన్నాను కూడా. చుక్కైనా ఉంచనందుకు ఆ పిల్లను తప్పు పట్టకుండా దయతో అబద్ధమాడాననుకుని శ్రీధర్ నా భుజం తట్టాడు. దయేమీ లేదు అందులో. నన్ను నేను కాపాడుకున్నాను, అంతే.

నీలి కొండలు

మంగళవారం నన్ను ఊరడించడానికి శ్రీధర్ కొండల్లోకి తీసుకెళ్ళాడు. రైల్లో రెండు గంటలు. లోయ మీద నీలం పొగలాంటిది కమ్ముకుని ఉంటుంది, అక్కడి జామాయిల్ జాతి చెట్ల నూనె వల్ల అంటారు. చూసి తీరాల్సిందే, నేనే సరిగ్గా చూడలేదు. బల్ల మీద పెట్టుకున్న చిప్స్‌ని ఒక తెల్ల కాకతువ్వ వచ్చి ఎత్తుకుపోయింది, శ్రీధర్ దాన్ని తెలుగులో తిట్టాడు. పధ్నాలుగు డాలర్ల చిప్స్ మరి.

తిట్టడం అయ్యాక నవ్వుతూ, మామూలుగానే అడిగాడు. "అక్కా, వచ్చాక చెబుతానని రాశావు కదా, పాత మెయిల్ చూశాను నిన్న. ఏమిటది?"

చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఇద్దరమే ఉన్నాం. అతను తన తప్పు ఒప్పుకుని అప్పటికి రెండు రోజులైంది, నాకు దారి కూడా చూపించాడు.

"ఏం లేదు. మధ్య మధ్య క్లోరోఫాం వేస్తుండమని."

"వేసేవాణ్ణక్కా, ప్రతి ఏడాదీ, మర్చిపోకుండా" అన్నాడు. "వేరేవాళ్ళని ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. నేనే వేసేవాణ్ణి."

ఇన్నేళ్ళూ ఆ సీసాలు చల్లటి గదిలో ఊరికే పడి ఉన్నాయనుకున్నాను నేను. అతను వాటిని పెంచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. సీసాల కోసం అనుకుని అతను వీపు నిమిరాడు.

తిరిగొచ్చాక

ఒంగోలు వచ్చి నెల దాటింది. అడిగినవాళ్ళకు రైలు గురించి, కాకతువ్వ గురించి, గ్యారేజీలో దుప్పటి కప్పుకున్న కరివేపాకు గురించి చెబుతున్నాను. బాగా నవ్వుతున్నారు. కంది సంగతి అడిగితే చచ్చిపోయిందంటున్నాను.

పోయిన వారం మేఘన నించి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, పొడవుగా, ఇంగ్లీషులో. శ్రీధర్ పాత పేపర్లో ఆ ఫేజ్ పేరు పట్టుకుని చదువుకుంటూ పోయిందట. అది మామూలు బాక్టీరియాలో పెరగదని తెలుసుకుంది. ఎవరూ అడగకపోయినా తనంతట తానే వెతికింది. మంచి పరిశోధకురాలు అవుతుంది. "ఆంటీ, అవి బతికే ఉండవచ్చు. తప్పు బాక్టీరియా మీద వేసి, బతికున్నవాటిని నేనే చంపాను. ల్యాబు మీటింగులో అందరి ముందూ ఒప్పుకున్నాను. మీ మూడేళ్ళ పని, ఆ రైతు గింజ, రెండూ నా వల్ల పోయాయి. మీకు ఎలా సారీ చెప్పాలో తెలియడం లేదు. నాకు ఈ పని చేతకాదేమో అనిపిస్తోంది."

శ్రీధర్‌కి ఫోన్ చేశాను, ఏవో కబుర్లు చెప్పి, మేఘన ఎలా ఉందని అడిగాను. వారం నించీ ల్యాబుకి రావట్లేదట. మానేస్తానంటోందట. "చిన్నపిల్లక్కా, సెన్సిటివ్. ఎంత చెప్పినా ఇట్స్ మై ఫాల్ట్ అంటోంది. నువ్వు ఒక్కసారి మాట్లాడితే వింటుంది" అన్నాడు.

మాట్లాడతానన్నాను. ఆ మాట అని కూడా నాలుగు రోజులైంది. మాట్లాడటానికి బదులు కూర్చుని ఇదంతా రాశాను. జరిగింది జరిగినట్టు, ఎవరి తప్పో వాళ్ళ పేరు పెట్టి. రాసేశాక తేలికపడతానని అనుకున్నాను.

ఇది అచ్చయితే ఒక కాపీ మేఘనకి పంపాలని మొదట అనుకున్నాను. కానీ ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. నేను ఇంత ధైర్యంగా, ఏదీ దాచకుండా తెలుగులో రాయగలిగింది అందుకేనేమో అని ఇప్పుడు అనుమానంగా ఉంది.

చదవడమే రాదు. చెబితే ప్రతి మాటా అర్థమవుతుంది. ఇప్పుడు సిడ్నీలో మధ్యాహ్నం మూడు, ఆమె ఇంట్లోనే ఉంటుంది, ఎత్తుతుంది. నంబరు నా దగ్గరుంది. ఇంకా చెయ్యలేదు.